సున్నా కేబీ

ఫైలు పేరు ఉంది. తేదీ ఉంది. సైజు అన్న చోట సున్నా కేబీ అని ఉంది. దాని కింది ఫైలూ అంతే. మౌస్ తిప్పుతూ కిందికి పోయాను, ఇంకా కిందికి పోయాను. అన్నీ సున్నాలే. ఫోల్డర్ మూసి మళ్లీ తెరిచాను, అవే సున్నాలు.

షామీర్‌పేట దగ్గర మొక్కల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో కంప్యూటర్ సెక్షన్ నాది. ఇల్లు మేడ్చల్‌లో. మా దగ్గర ఒక చల్లటి గదిలో పెద్ద స్టోరేజీ పెట్టె ఉంది. ల్యాబుల్లోని కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద దానికే కలిసి ఉంటాయి. ఎవరి పని అయిపోయినా వాళ్ల బొమ్మలూ కొలతలూ చివరికి అందులోకే చేరాలి. అందరూ దాన్ని కామన్ డ్రైవ్ అనేవాళ్లు, నేను మాత్రం లోలోపల నా డ్రైవ్ అనే అనుకునేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్క ఫైలు కూడా పోలేదని దొరికినవాళ్లకల్లా చెప్పుకునేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లు నాతో టీ తాగడానికి వస్తే ఇక వాళ్ల పని అయినట్టే.

స్థలం దుబారా చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. అందులో నా నోటికి ఎక్కువగా బలైంది ఒక రీసెర్చ్ అమ్మాయి. లాల్‌గడి మలక్‌పేటలో మిరప, టమాట పండించే ముస్లిం కుటుంబం వాళ్లది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. మిరపకు వచ్చే వేరుకుళ్లు మీద ఆమె పని. సన్నటి వేరు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి పొరపొరకూ బొమ్మ తీసేది. ఒక్క ముక్కకే వందల బొమ్మలు. ఒక రోజు నలుగురూ ఉండగా పిలిచి అడిగాను.

"ఏందమ్మా, డ్రైవంతా నువ్వే నింపుతున్నవ్. మిగిలినోళ్లు యాడ వెట్టుకోవాలె?"

"ఒక్క పొర లేకున్నా కొలత రాదు సార్. అన్నీ కావాలె," అంది.

"అన్నీ కావాలె అని అందరూ అంటరు. గిదేమన్న నీ జాగీరా?"

ఆమె తల దించుకుని వెళ్లిపోయింది. నాకు ఇంకా కోపం తీరలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె ఫోల్డరుకు ఒక హద్దు పెట్టేశాను. అంతకు మించి ఒక్క అక్షరం కూడా లోపలికి పోదు. అప్పటినుంచి ఆమె నన్ను అడగడం మానేసి, మైక్రోస్కోపు పక్కనున్న కంప్యూటర్లోనే బొమ్మలు దాచుకుంది. ల్యాబు ఇచ్చిన హార్డ్‌డిస్కులో ఇంకో కాపీ పెట్టుకుంది. ఆ హద్దు సంగతి నేను వారం తిరక్కుండానే మర్చిపోయాను.

మూడేళ్లకు ఆమె థీసిస్ ఇచ్చేసింది. మా సంస్థ వదిలి వెళ్లేవాళ్లు బాకీలేమీ లేవనే నో డ్యూస్ కాగితం పట్టుకుని లైబ్రరీ, స్టోర్స్ అన్నీ తిరిగి ఆఖరికి నా దగ్గరికి రావాలి. డేటా అంతా కామన్ డ్రైవ్‌కు చేరిందని నేను సంతకం పెట్టాలి. సాయంత్రం మైక్రోస్కోపు కంప్యూటర్ నుంచి ఆమె ఫోల్డరులోకి కాపీ మొదలుపెట్టి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే కాపీ అయిపోయి ఉంది. కింద ఏవో హెచ్చరికలు బారుగా పడి ఉన్నాయి. రోజూ ఉండే గోలే కదా అనుకుని ఆ విండో మూసేశాను. అటు ఎన్ని ఫైళ్లో, ఇటు ఎన్ని ఫైళ్లో చూశాను. ఒక్కటి కూడా తేడా లేదు. సంతకం పెట్టేశాను.

ఆ వారంలోనే మైక్రోస్కోపు కంప్యూటర్‌ను తర్వాతివాళ్ల కోసం పూర్తిగా తుడిచేశాను. ఆమె తిరిగిచ్చిన హార్డ్‌డిస్కును ఖాళీ చేసి గేటు కెమెరాల రికార్డింగుకు ఇచ్చేశాను. అన్నీ పద్ధతిగా చేశానని సంతోషపడ్డాను కూడా.

కొన్ని నెలలకు ఆమె ఫోన్ చేసింది.

"సార్, నా ఫోల్డర్ జర తెరిచి పెట్టున్రి సార్. శుక్రవారం కమిటీ ఉంది. నేను బొమ్మ పుట్టించిన అంటున్నరు."

ఒక రకం మిరపలో తెగులు వేరంతా తినకుండా ఒక లోపలి పొర దగ్గర ఆగిపోతుందని, అక్కడ మొక్క తనే సన్నటి గోడ కట్టుకుంటుందని ఆమె కనిపెట్టింది. థీసిస్‌కు ప్రాణం ఆ ఒక్క బొమ్మే. థీసిస్‌ను పరీక్షించిన పెద్దమనిషికి ఆ గోడ మీద అనుమానం వచ్చింది. అసలు బొమ్మలు చూపిస్తే సరి, లేకపోతే థీసిస్ రద్దు. పైగా దొంగ అన్న పేరు.

"నా దగ్గర పెట్టినంక యాడికి పోతదమ్మా? పది నిమిషాల్ల తీసిస్త, రా," అన్నాను. ఫోన్ పెట్టేసి ఫోల్డర్ తెరిచాను. అప్పుడు కనబడ్డాయి ఆ సున్నాలు.

సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. హద్దు నిండిపోయాక సిస్టమ్ ఫైలు పేరు రాసుకుంటుంది గానీ లోపల ఏమీ పెట్టనివ్వదు. నేను పేర్లు లెక్కపెట్టి సంతకం చేశాను. నేను హద్దు పెట్టకముందు ఆమె దాచిన మొదటి బొమ్మలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ గోడ బొమ్మ వాటిలో లేదు.

ఆమె గంటలో వచ్చింది. స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. మౌస్ అందుకుని చివరిదాకా తిప్పి చూసింది.

"హార్డ్‌డిస్క్ ఇచ్చిన గద సార్. దాంట్ల ఉంటయి."

ఆ డిస్కు ఎక్కడుందో చెప్పాను.

"గేటుకాడ కెమెరాలకా సార్?" అని మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. ఏడ్చినా, తిట్టినా నాకు కొంత నయంగా ఉండేదేమో. ఒక్కొక్క పేరు మీదా వేలు పెడుతూ అంది, "పేర్లున్నయి, తేదీలున్నయి. మీరన్న చెప్పున్రి సార్, బొమ్మలు ఉండె అని."

చెప్తానన్నాను. మా సెక్షన్ పెద్ద నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. "స్టోరేజీ కరాబైందని రాసెయ్. యంత్రం పోయిందంటే ఎవ్వరేమనరు. నీ నౌకరీ ఎందుకు ఖతం జేస్కుంటవ్?" అన్నాడు. ఆ మాట వినగానే ఒక్క క్షణం నా ప్రాణం కుదుటపడింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే. కానీ అందరి డేటా ఉండి ఈ అమ్మాయిదే పోయిందంటే నమ్మేదెవరు? హద్దు పెట్టింది నేనే, తుడిచింది నేనే, తప్పు నాదే అని కాగితం మీద రాసి సంతకం చేశాను.

శుక్రవారం కమిటీలో ఒక పెద్దావిడ నా కాగితం రెండుసార్లు చదివింది. గొంతు పెంచలేదు.

"కాపీలో తప్పు జరిగిందంటున్నారు. నమ్ముతున్నాం. మైక్రోస్కోపు కంప్యూటర్లో ఆ బొమ్మ ఉండేదని మీకెలా తెలుసు?"

"ఫైళ్ల లెక్క సరిపోయింది మేడమ్."

"లెక్క సంగతి కాదు. ఒక్కటైనా తెరిచి చూశారా?"

ఆ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుని ఉంది, నా వైపే చూస్తోంది. అవునని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే వెంటనే, బొమ్మ ఎలా ఉంటుందో చెప్పండి అంటారు. గోడ ఏ రంగులో కనబడుతుందో కూడా నాకు తెలియదు. ఇన్నేళ్లుగా దాచిపెట్టానని చెప్పుకున్నవాటిలో ఒక్కదాన్ని కూడా నేను తెరిచి చూడలేదు. ఆ సంగతి నాకే అప్పుడు తట్టింది. తల కొట్టేసినట్టయింది.

"లేదు మేడమ్," అన్నాను.

థీసిస్ రద్దు చేయలేదు, పక్కన పెట్టారు. అదే రకం మిరప మళ్లీ వేసి, తెగులు ఎక్కించి, బొమ్మలు మళ్లీ తీసి చూపించమన్నారు. విత్తనం వేసిన దగ్గర్నుంచి నెలల పని. ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి హద్దులేమీ లేకుండా ఫోల్డర్ ఇచ్చాను. పొద్దున్నే అలియాబాద్ దగ్గర ఆటో మారి వచ్చి, మొక్కలకు తనే నీళ్లు పోసుకునేది. నన్ను చూస్తే నమస్తే సార్ అనేది, అంతకు మించి మాట్లాడేది కాదు.

మొన్న నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "సార్, జర గిటు రాన్రి. ఇయ్యాల తీస్తున్న. మీరు కండ్లతోని చూస్తే రేపు ఎవలన్న అడిగితే చెప్పొచ్చు."

మైక్రోస్కోపు కంప్యూటర్ ముందు పక్కన నిలబడ్డాను. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలతో వేరు కనబడింది. ఆమె ఒక్కొక్క పొరా మారుస్తూ, ఇది పైతోలు సార్, ఇది తెగులు తిన్న జాగ సార్ అని చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ ఇదా నేను దుబారా అన్నది అనుకున్నాను. ఇంకో పొర మార్చింది, ఇంకోటి మార్చింది. వెనకటి పొరకు వచ్చి మళ్లీ చూసింది. ఇంకో ముక్క పెట్టి చూసింది, ఇంకో మొక్క వేరు తెచ్చి చూసింది. తెగులు ఎక్కడా ఆగలేదు, లోపలిదాకా తినేసింది.

"గోడ లేదు సార్," అంది.

మౌస్ వదిలేసి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"పోయినసారి ఉండె గద సార్?"

ఆ బొమ్మలు తుడిచేముందు తెరిచి చూడాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చూడలేదు.