గోడవతల చప్పుడు

ఆ ఆదివారం రేపల్లెలో మా చర్చిలో ఉన్నవారు: అయ్యగారు, చాపల మీద ఆడవాళ్లు, వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లు, మిక్సర్ దగ్గర నేను. ఉన్నవి: తెనాలిలో కొన్న రెండు స్పీకర్లు, బల్ల మీద ద్రాక్షరసం పోసిన చిన్న గాజు గ్లాసులు, మిక్సర్‌కి తీగతో కలిపిన నా ఫోను. ఫోనుకి అవతల మా అక్క.

అక్క నర్సు. యుద్ధం జరుగుతున్న ముస్లిం దేశంలో పని. దేశం పేరు రాయను. పరాయి దేశపు నర్సులు చప్పుడు చేయకుండా ఏ దేవుణ్ణి మొక్కుకున్నా అక్కడ తుపాకులు పట్టినవాళ్లు చూసీ చూడనట్టు పోతారు. ఆ ఊరి మనిషి ఎవరైనా వాళ్లతో కలిస్తే మాత్రం ప్రాణం తీస్తారు.

అందుకని అయిదుగురు నర్సులు దుప్పట్ల గదిలో గడియ వేసుకుని, ఫోనులో మా ఆరాధన వినేవారు. పాడరు. ఆమెన్ అనరు. చివర్లో అయ్యగారు "ఉన్నారామ్మా?" అంటే, ఒక్కొక్కరూ ఫోను మీద గోటితో ఒక్కసారి కొడతారు. టిక్. అయిదుసార్లు.

ఆ రోజు పాట మధ్యలో అక్కడెక్కడో బాంబు పడింది. ఫోను లైను అంత లోతు శబ్దాన్ని మోయలేదని చదువుకున్నవాణ్ణి. అయినా బల్ల మీద ద్రాక్షరసం వణికింది.

చివర్లో అయిదు టిక్కులూ వచ్చాయి. తర్వాత ఇంకొకటి వచ్చింది. గోటిది కాదు. మెత్తగా, పిడికిలితో కొట్టినట్టు.

"ఎవరే అది?" అంది ముందు వరసలో ఒక మామ్మ. ఎవరూ నవ్వలేదు.

"కొత్త ఆత్మ! స్తోత్రం!" అని చేతులెత్తారు అయ్యగారు.

మధ్యాహ్నం అక్కకి ఫోను చేసి ఆరో చప్పుడు ఎవరిదని అడిగాను.

"ఆరోదేంట్రా? అయిదుగురమే. గడియ నేనే వేశాను."

మిక్సర్‌లో ఎక్కిన రికార్డింగ్ వినిపించాను. మళ్లీ వెయ్యమంది, వేశాను.

"ఫోను ఎక్కడ పెడతావే?"

"గోడకున్న ఇనుప అరలో."

"గోడవతల ఏముంది?"

"బట్టలుతికే గది. ఆదివారం తాళం వేసుంటుంది." గొంతు తగ్గించింది. "వేసుంటుందనే అనుకున్నాం."

గోడలో పుట్టిన చప్పుడు అర ద్వారా ఫోనుకి చేరింది. గదిలో చెవులకి అందలేదు. మా పాటా అదే దారిన గోడవతలికి చేరి ఉంటుంది. నాకు కారణం దొరికింది, మనిషి దొరకలేదు.

మూడు రోజుల తర్వాత అక్కే ఫోను చేసింది. నడవలో బట్టలుతికే ఆవిడ ఎదురొచ్చిందట. ఆ ఊరి మనిషే. తల ఎత్తకుండా, పక్కనుంచి వెళ్తూ, బుట్ట అంచు మీద పిడికిలితో ఒక్కసారి కొట్టిందట.

"తెలుగు ఒక్క ముక్క రాదు కదే ఆవిడకి."

"ఆవిడ చెప్పుకునేది నీకు కాదులేరా. ఎవరికీ చెప్పకు. ఆవిడకి పిల్లలున్నారు."

శనివారం అయ్యగారు పిలిచారు. "బాపట్ల సభల్లో ఆ రికార్డింగ్ వేద్దాం బాబూ. లైవ్‌లో లోకమంతా వింటుంది. హాజరు బోర్డు మీద కూడా ఫోనులో ఉన్నవారు ఆరు అని రాయి."

"అది గోడ చప్పుడండి, అయ్యగారూ."

"గోడదా?"

"అవునండి. గోడదేనండి."

ఆయన నా మొహం చూసి, "సరే, చెరిపెయ్" అన్నారు. చెరిపేశాను. ఆ వారం నుంచి అయిదో టిక్కు కాగానే స్పీకర్లు ఆపేసేవాణ్ణి. తర్వాతది నా హెడ్‌ఫోన్స్‌లోకి మాత్రమే వచ్చేది.

తర్వాత యుద్ధం ఆసుపత్రి వీధిదాకా వచ్చింది. అయిదుగురినీ వెనక్కి పంపేశారు. అక్క ఉత్త చేతులతో రైలు దిగింది.

"ఫోనేది?"

"ఉతికే బుట్టలో దుప్పట్ల అడుగున మర్చిపోయాను," అంది నా కళ్లలోకి చూస్తూ. "చార్జర్ కూడా."

మొన్న ఆదివారం అక్క చాప మీద, నెత్తిన ముసుగుతో కూర్చుంది. మొదటి పాట సగంలో నా ఫోను వెలిగింది. అక్క పాత నంబరు. స్పీకర్లకి కలపలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. చివరిదాకా గాలి మోతే. ఇక్కడ రైలు కూత వేస్తే అక్కడ ఎవరో ఊపిరి బిగబట్టారు. ఈసారి అయ్యగారు "ఉన్నారామ్మా?" అని అడగలేదు. అయినా వచ్చింది. మెత్తగా, పిడికిలితో.

అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. తల ఊపాను.

ఆరాధన అయ్యాక సుద్దముక్క తీసుకుని హాజరు బోర్డు నింపాను. ఫోనులో ఉన్నవారు: 0.