బాబాయి గారు ఎంచిన వెనక క్లచ్

పక్కింటి బాబాయి గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా మా వారు ఫోన్ చేసి చెప్పారు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నారట. అంతేనట. వెంటనే సెలవు చెప్పి బండి తీసి, విమానాశ్రయం దగ్గర్నుంచి శంషాబాద్‌లో మా గల్లీ దాకా ఏడుస్తూనే నడిపాను. అసలు నేను బండి నడుపుతున్నానంటే అది ఆయన చలవే.

బాబాయి గారనడం మా కోస్తా అలవాటు. ఆయనకది నచ్చేది కాదు. "నువ్వు గట్ల గారు గారు అంటే నా ఎనక ఎవరో ఆఫీసరు నిలబడ్డడనుకుంట బిడ్డా," అనేవారు. ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా వీధిలో ఏ బండి చప్పుడు విన్నా వంక పెట్టకుండా ఉండలేకపోయేవారు. "బండి మాట్లాడుతది. మనం జర నోరు మూసుకుంటే వినబడుతది," అన్నది ఆయన మాట. గల్లీలో ఎవరు కొత్త బండి కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది ఆయనే. ఆయన్ని పిలవకుండా పెట్టేస్తే ఆ రోజంతా అలకే.

పోలియో వల్ల నా కుడికాలికి బలం లేదు. వెనక అటొకటి ఇటొకటి చక్రాలు బిగించిన గేర్లు లేని స్కూటర్ మీద కార్గో ఆఫీసుకు వెళ్తాను. దారిలో ఒక ఫ్లైఓవర్ ఉంది. కింద ఎంత వేగంగా వచ్చినా సగం ఎక్కేసరికి బండి నీరుగారిపోయేది. ఒకరోజు పూర్తిగా ఆగి, వెనక్కి జారింది. వెనక లారీ. నేను దిగి తోయలేను, దిగి పారిపోనూ లేను. ఆ లారీ డ్రైవరు సమయానికి బ్రేకు తొక్కాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఆ సాయంత్రం మా వారు కంచం ముందు కూర్చుని, "ఇంక ఉద్యోగం మానెయ్," అన్నారు. కోపంతో అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆ మాట భయంతో అన్నారు.

మా గోడలకి చెవులే కాదు, నోరు కూడా ఉంది. మర్నాడు పొద్దున్నే బాబాయి గారు వచ్చారు. "జర ఆగు అల్లుడా. మానుడు ఎప్పుడన్న మానొచ్చు. ముందుగాల బండి సంగతి చూస్త. అప్పుడు కూడ ఎక్కకపోతే నేనే మాన్పిస్త," అన్నారు. నా ఉద్యోగం ఆ బండి ఎక్కడం మీద, ఆయన మాట మీద నిలబడింది.

ఇద్దరం మైలార్‌దేవ్‌పల్లిలో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాం. వెనక క్లచ్‌లో బెల్టును పట్టుకుని రెండు పళ్లాలుంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు అవి దగ్గరికి జరగాలి, అప్పుడే బండికి బలం వస్తుంది. నా బండిలో అవి జరిగే గాడులు అరిగి, పళ్లాలు ఇరుక్కుంటున్నాయి. దుకాణం ఆయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి పాత రకమే, గట్టి స్ప్రింగుతో. రెండోది బండి కంపెనీది కాదు, బయటి తయారీ; గాడుల్లో చిన్న రోలర్లు దొర్లుతాయి.

"కాకా, బరువు బండికి రోలర్‌దే మంచిగుంటది," అన్నాడతను.

"దొర్లేది జారుతది. ఎక్కుడు మీద జారేది ఎవడన్న పెడతడా?" అన్నారు బాబాయి గారు. ఎన్నో ఏళ్లు ఘాట్ రోడ్ల మీద బస్సు జారకుండా చూసుకున్న మనిషికి ఆ మాటే చేదు. గట్టి స్ప్రింగుదే తీసుకుని బండికి బిగింపజేశారు.

ఆదివారం పరీక్ష. తనే నడుపుతానన్నారు. కాళ్లు రెండూ ఫుట్‌బోర్డు మీద ముడుచుకుని కూర్చున్నారు. "నీకు దిగరాదు గద. నేను కాలు ఆనిస్తే ఇగ అది పరీక్ష ఎట్లయితది?" అన్నారు. నేనూ మా వారూ ఫ్లైఓవర్ మొదట్లో నిలబడ్డాం. బండి గోల పెడుతూ ఎక్కింది. సగంలో బెల్టు కాలిన పొగ కనిపించింది. బండి ఆగిపోయింది. వెనక ట్యాంకర్ హారన్ కొడుతోంది. కార్లు ఇటూ అటూ రాసుకుంటూ పోతున్నాయి. "బాబాయి గారూ, దిగండి," అని మా వారు అరుస్తూ పరిగెత్తారు. ఆయన దిగలేదు. బ్రేకులు రెండూ పట్టుకుని, కాళ్లు ముడుచుకునే ఉన్నారు. మా వారు వెళ్లి తోసి ఒడ్డున పెట్టేదాకా ఆయన కాలు కింద పెట్టలేదు.

తిరిగొచ్చాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "రోజూ గిట్లనే కూసుంటున్నవా బిడ్డా?" అని అడిగారు. అవునన్నాను. నా కాలు చూసి జాలిపడినవాళ్లను చాలామందిని చూశాను. నా చోట కూర్చుని చూసింది ఆయనొక్కరే.

మర్నాడు దుకాణంలో, "తప్పు నాదే. ఇరుక్కునేదానికి దొర్లేదే మందు. రోలర్‌దే ఇయ్యి, స్ప్రింగు మాత్రం కంపెనీదే ఉండనియ్యి," అన్నారు. మెకానిక్ బిగిస్తుంటే పక్కనే కూర్చుని పళ్లాలను చేత్తో తిప్పి చూశారు. తడబడకుండా తిరిగాయి.

ఈసారి నన్నే ఎక్కమన్నారు. యాక్సిలరేటర్ తిప్పాను. సగానికి వచ్చేసరికి ఎప్పటిలా బ్రేకుల మీద వేళ్లు పెట్టుకున్నాను. ఇంజను గొంతు మారింది, బండి కాస్త నిదానించి, మళ్లీ బలం తెచ్చుకుని ఎక్కసాగింది. అప్పుడు అద్దంలోకి చూశాను. బాబాయి గారు నా వెనకే పరిగెత్తుకొస్తున్నారు. ఘాట్‌లో బస్సు ఆగితే టైరు వెనక పెట్టే చెక్కమొద్దు ఆయన చేతుల్లో ఉంది. లారీలు పక్కనుంచి పోతున్నా చూడట్లేదు, ఆయన చూపంతా నా చక్రం మీదే. బండి ముందుకు పోయినకొద్దీ ఆయన వెనకబడ్డారు. చివరికి ఆగిపోయారు. నేను పైకి చేరేసరికి అద్దంలో చాలా చిన్నగా కనిపించారు, చెక్కమొద్దును రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, ఇంకా కిందికి దించకుండా.