మా గదిలో కఫీల్ చేపలు

గల్ఫ్ యుద్ధం నాటి చలికాలంలో నేను రియాద్‌లో నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఇంట్లో తోటపని చేసేవాణ్ణి. చలికి చస్తాయని ఆయన పెరటి కొలనులోని ఆరు ఎర్రచేపలను తొట్టిలో వేయించి, నేనూ జగిత్యాల రాజన్నా ఉండే గదిలో పెట్టించాడు. క్షిపణులతో విషవాయువు వదులుతారన్న భయంతో అప్పటికే కిటికీలకు టేపు అంటించుకున్నాం.

"ఇంత పెద్ద ఇంట్ల మన అర్రనే దొరికిందా? గ్యాస్ వస్తదో రాదో మన మీద పెట్టి సూస్తుండు. చేపలు సస్తే ఆయనకు ఎరుకైతది" అన్నాడు రాజన్న.

ఆ మాట నా మనసులో నాటుకుంది. కఫీల్ వచ్చి తొట్టిలోకి తొంగిచూసిన ప్రతిసారీ, మేమింకా బతికున్నామో లేదో చూసిపోతున్నాడనిపించేది.

ఒక మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. తడి తువ్వాళ్లు ముక్కులకు అదుముకుని, గ్యాస్ వచ్చిందని అరుస్తూ రోడ్డెక్కాం. మమ్మల్ని చూసి పక్కింటి డ్రైవర్లూ పరుగందుకున్నారు.

కఫీల్ మాత్రం గదిలోకి వెళ్లి వాసన చూసి, నా మంచం కింది బొద్దింకల మందు డబ్బా తెచ్చి నా చేతికిచ్చాడు. పొద్దున పనికి పోతూ, గాలి చొరబడని ఆ గదిలో దాన్ని సగం దాకా కొట్టింది నేనే.

"లోపల పెడితే పిల్లలు చేతులు పెట్టి చంపేస్తారని మిమ్మల్ని నమ్మాను" అన్నాడు, వచ్చీరాని హిందీలో.

ఆయన తిట్టలేదు. మిగిలిన మూడింటినీ ఆ సాయంత్రమే పిల్లల గదిలోకి మార్పించాడు.