పొయ్యి ఆర్పిన పంతులు

ఒకే ఒక్క చెంబుడు నీళ్లతో ఒక ఇంటిని, ఒక ఇన్‌స్పెక్టరుని, నా ఉద్యోగాన్ని ముంచబోయిన వైనం చెబుతాను. నవ్వడానికి మీరు చివరిదాకా ఆగనక్కర్లేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ముంచింగిపుట్టు అవతల కొండమీది బడికి పంతుల్ని చేసి పంపారు. భీమిలిలో పుట్టినవాడికి అది పరదేశమే. ఆ దేశాన్ని ఉద్ధరించడానికి ఇత్తడి పంపు స్టవ్వొకటి కావిడిలో మోయించుకుని వెళ్లాను.

సొన్నమ్మ అనే ముసలావిడ ఇంట్లో బస. ఆవిడ పొయ్యిలో ఒక దుంగ రాత్రింబవళ్లు రాజుతూనే ఉండేది. ఆ పొగకి నా కళ్లు అత్తారింట్లో అలిగిన అల్లుడి కళ్లలా ఎర్రగా ఉండేవి. బడుల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి మా బసలోనే దిగే రోజు, ఆయన మెచ్చుకుంటేనే నా ఉద్యోగం ఖాయం కనుక, ఇల్లు నాగరికంగా ఉండాలని, సొన్నమ్మ పొలానికి వెళ్లగానే దుంగమీద నీళ్లు పోశాను.

స్టవ్వుకి గాలి కొట్టాను. అగ్గిపెట్టె తెరిచాను. వాన చెమ్మకి పుల్లలు నానిన పప్పులా ఉన్నాయి. గీస్తే మందు నా గోటికి అంటుకుంది. స్టవ్వు మాత్రం అంటుకోలేదు.

సొన్నమ్మ వచ్చింది. "ఏటి పంతులుబాబూ, పొయ్యి సల్లగుంది?"

"నేనే ఆర్పాను. పక్కింట్లో నిప్పు తెద్దాం."

"బాగుంది! ఇయ్యాల ఇత్తనాల పండగ. ఏ ఇంటి నిప్పూ గడప దాటదు. మా అత్త కాడ్నించి ఆరని పొయ్యి బాబూ! దీనికేనా సదువుకున్నావు?"

"స్టవ్వుందిగా!"

"అయితే ముట్టించు, సూత్తాను."

ముట్టించడానికి నిప్పు కావాలన్నాను. ఆవిడ నన్నూ స్టవ్వునూ మార్చి మార్చి చూసింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దండగో తేలినట్టు లేదు.

ఇంతలో ఇన్‌స్పెక్టరుగారు తడిసి వణుకుతూ దిగారు. "ఏమోయ్, వేడి కాఫీ పడితేగానీ నోరు పెగలదు."

"చిత్తం. గాలి సిద్ధంగా ఉందండి."

సొన్నమ్మే అడ్డుపడింది. "నిప్పు రాకూడదు గానీ మనిసి ఎల్లకూడదనేటి? రా బాబూ, మా తోటికోడలింటికి!"

దొరవారు పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, సొరబుర్రతో మూడుసార్లు వేడి చోళ్ల అంబలి, అదే రాగి జావ, తాగారు. ఆడవాళ్లు, అప్పటికి నాకు కాస్త పట్టుబడిన తమ కొండభాషలో, నా భరతం పట్టారు.

"పంతులు పొయ్యికి తానం సేయించాడంట!"

"తలంటి ఊరుకున్నాడా, కోక కూడా కట్టాడా?"

"ఏమంటున్నారోయ్?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"తమరి రాకకి సంతోషిస్తున్నారండి."

నెల తిరిగేసరికి కాగితం వచ్చింది. ఉద్యోగం ఖాయం. కారణం: 'ఉపాధ్యాయునికి కొండవారి ఆచారములు చక్కగా వంటబట్టినవి.'

ఆ కాగితం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇక బతికుండగా ఎవరి పొయ్యిలోనూ నీళ్లు పొయ్యను. నాగరికత మరీ పొంగుకొస్తే, నా నెత్తినే పోసుకుంటాను.