దానంతటదే లేచిన కారు

వైరు కాలిన వాసన తగిలితే ఆదోనిలో మా నాన్న పాత కారు గుర్తొస్తుంది. నాకు ఏడేళ్లప్పుడు మెకానిక్ ఖాదర్ దానికి కొత్త సైలెన్సర్ పైపులు, స్టార్టు చేసే కొత్త సెల్ఫు మోటారు బిగించాడు.

“ఇంక హ్యాండిల్ తిప్పే పనిలేదు పాపా, దానంతటదే లేస్తాది,” అన్నాడు.

ఎవరూ లేనప్పుడు కూడా లేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు నాన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చి, కారును గేరులోనే ఆపి లోపలికి వెళ్లాడు. అవ్వ దాని ముందు కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుస్తోంది.

“ఆడ వద్దవ్వా, అది లేస్తాది!” అని ఏడుస్తూ చెయ్యి లాగాను. తిట్టుకుంటూ అరుగెక్కింది. అంతలో కారు గుర్రుమని ముందుకు దూకి, చేటను గోడకు నొక్కేసింది.

“నీకెట్ల తెలిసెనే?” అంది అవ్వ.

వేడి పైపు తగిలి సెల్ఫు వైరు కరిగి, ఆ మోటారు దానంతటదే తిరిగి గేరులో ఉన్న కారును నెట్టిందని నాకు పెద్దయ్యాక తెలిసింది. అవ్వకు ఎవరూ చెప్పలేదు. ఆమె పోయేదాకా, నేనేదైనా జరుగుతుందని చెప్పబోతే అరచేత్తో నా నోరు మూసేది.