ఆగ్నేయంలో గొయ్యి

మా బావగారి కొత్తింట్లో కరెంటుతో నడిచే ప్రతి పెద్ద వస్తువు ముందూ ఒక చెక్కపీట ఉండేది. ఫ్రిజ్ ముందు ఒకటి, గ్రైండర్ ముందు ఒకటి, వెనక వసారాలో వాషింగ్ మెషీన్ ముందు కాస్త పెద్దది. కొత్తగా వచ్చినవాళ్లు పూజకేమో అనుకునేవారు. పూజకు కాదు. ఆ వస్తువుల్ని నేల మీద నిలబడి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది, పీటెక్కి ముట్టుకుంటే అనదు. అంత పెద్ద ఇల్లు కట్టించి, హాల్లో రంగులు మారే దీపాలు పెట్టించి, గేటుకు వెలిగే నేమ్‌ప్లేటు బిగించిన మనిషి షాక్‌కు కనిపెట్టిన మందు అది. పీటలకు వడ్రంగి చేత పాలిష్ కూడా పెట్టించారు.

ఆ ఇల్లు జగ్గయ్యపేటలో. నేనుండేది నందిగామలో. అక్కడ ఒక ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చెబుతాను. కరెంటు ఇంట్లోకి ఎలా రావాలో, మనిషిలోకి ఎలా రాకూడదో చెప్పడమే నా బతుకుతెరువు. అత్తవారింట్లో ఆ చదువుకున్న విలువ ఏమిటంటే, ఫ్యూజు పోయినప్పుడు పక్కింటి మగవాణ్ని పిలుచుకురమ్మని నన్ను పంపుతారు.

బావగారు మా ఆయనకు అన్నగారు. సిమెంటు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడటం మర్యాద కాదని ఆయన నమ్మకం. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "మీ చెల్లెల్ని కాఫీ తాగమను," అని భార్యతో అంటారు. ఆవిడ నా తోడికోడలు, నేను అక్కయ్యా అంటాను. ఆ ఇంట్లో నేను చెప్పే ప్రతి మాటా అక్కయ్య మీదుగా వెళ్లి, అక్కయ్య మీదుగానే తిరిగొచ్చేది. చాలావరకు తిరిగొచ్చేది కూడా కాదు.

పునాదులు తీసినప్పుడే చెప్పాను. ఇప్పుడు నిబంధనలు మారాయి, పాతింట్లో లాగా రెండు తీగలు లాగేసి చేతులు దులుపుకుంటే కుదరదు అన్నాను. ప్రతి సాకెట్టుకూ మూడో తీగ, ఆకుపచ్చది, వెయ్యాలి. ఆ తీగలన్నీ కలిసి ఎర్తు గోతిలోకి దిగాలి. మనిషి లోతు గొయ్యి తవ్వి, అడుగున రాగి రేకు నిలబెట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోసి పూడ్చేస్తారు. పైనుంచి నీళ్లు పొయ్యడానికి ఒక గొట్టం మాత్రం వదులుతారు. ఏ వస్తువులోనైనా కరెంటు లీకైతే అది మనిషిలోంచి కాకుండా ఆ తీగలోంచి భూమిలోకి పోవాలి. దానికి తోడు మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ అనే బ్రేకరు ఉండాలి. లీకు ప్రమాదం దాకా వెళ్లకముందే అది పసిగట్టి ఇంటి కరెంటు మొత్తం ఆపేస్తుంది. బావగారు కళ్లు మూసుకుని అంతా విని, "సరే, అలాగే చేయిద్దామని చెప్పు," అన్నారు అక్కయ్యతో. గ్రానైట్ రంగు గురించి నెల రోజులు ఆలోచించిన మనిషి దీనికి అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

మీటరు ఆగ్నేయంలో వచ్చింది. దాని పక్కనే మేస్త్రి గొయ్యి తవ్వించాడు. మర్నాడు వాస్తు సిద్ధాంతిగారు వచ్చి, ఆగ్నేయంలో గొయ్యి ఉంటే ఇంట్లో డబ్బు నిలవదన్నారు. మధ్యాహ్నానికల్లా పూడ్చేశారు. పోనీ ఈశాన్యంలో పెట్టండి, అక్కడ గొయ్యి ఉండొచ్చంటారు కదా అన్నాను.

"దేవుడి మూల బొగ్గులు పాతిపెడతారా అని అడుగు మీ చెల్లెల్ని," అన్నారు బావగారు.

నైరుతిలో పెడితే యజమానికి అనారోగ్యం. వాయవ్యంలో పెడితే కోర్టు గొడవలు. ఆ విధంగా నాలుగు మూలలున్న స్థలంలో ఎర్తింగుకు మూల లేకుండా పోయింది. గోడల్లోంచి లాగిన ఆకుపచ్చ తీగలన్నిటినీ మీటరు పెట్టెలో చక్కగా చుట్టి, టేపు వేసి, వదిలేశారు. ఎటూ పోని తీగ అంత అందంగా చుట్టి ఉండటం నేనెక్కడా చూడలేదు.

ఆ పని చేసినవాడు మా ఐటీఐలో చదివినవాడే. ఇప్పుడు వాడి కింద నలుగురు పనిచేస్తున్నారు. కొత్త నిబంధనల మీద నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో ఎలక్ట్రీషియన్లకు రోజంతా క్లాసు పెడితే వాడూ వచ్చాడు. ఆ క్లాసు చెప్పింది నేనే. మధ్యాహ్నం బిర్యానీ అయ్యేసరికి హాలు సగం ఖాళీ. సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు మళ్లీ నిండింది. బ్రేకరు దేనికి అని అడిగితే ఒకాయన లేచి, "దాన్ని తీసేస్తే కంప్లైంట్లు రావండి," అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లకు తెలియక కాదు, తెలిసినదాన్ని పట్టించుకునే అవసరం ఎవరూ కల్పించలేదు. లైసెన్సున్న కాంట్రాక్టరు ఇల్లంతా పరీక్షించి సంతకం పెట్టాలని నిబంధన ఉంది. మా బావగారింటికి సంతకం పెట్టిన పెద్దమనిషి ఆ వీధిలోకి కూడా రాలేదు. అయినా ఎర్తింగ్ బ్రహ్మాండంగా ఉందని రాసిచ్చాడు.

గృహప్రవేశం నాడు పెరట్లో వంటవాళ్లు నీళ్లలోనే గ్రైండర్ పెట్టి పప్పు రుబ్బుతున్నారు. బ్రేకరు టక్కున పడిపోయింది. రంగుల దీపాలు ఆరిపోయాయి, ఏసీలు ఆగిపోయాయి, గేటు మీద బావగారి పేరు కూడా ఆరిపోయింది. పైకి లేపారు, మళ్లీ పడింది. వియ్యాలవారు విసనకర్రలు అడిగేసరికి బావగారి మొహం మాడిపోయింది. వంటవాడు షాక్‌తో పోకుండా అది ఆపిందని నేను చెబుతుంటే ఎవరూ నా వైపు చూడలేదు. మా శిష్యుడు పరుగున వచ్చి, బ్రేకరులోంచి తీగలు ఊడదీసి, అది మధ్యలో లేకుండా నేరుగా కలిపేశాడు. దీపాలు వెలిగాయి. అందరూ వాణ్ని మెచ్చుకున్నారు. బావగారు తన చేత్తో స్వీటు పెట్టారు.

పక్కకు పిలిచి అడిగాను.

"ఓనరుకి కరెంటు కావాలి మేడం, మీకు రూలు కావాలి. రేపు పని చెప్పేది ఆయనే కదండి," అన్నాడు. తప్పు చేశానన్న బెరుకు వాడి మొహంలో ఏ మూలా లేదు.

తర్వాత కొన్నాళ్లకే వాషింగ్ మెషీన్ అక్కయ్యను కొట్టడం మొదలుపెట్టింది. మొదట చీమ కుట్టినట్టు ఉందంది. తర్వాత మోచేతి దాకా లాగుతోందంది. ఆకుపచ్చ తీగలన్నీ ఒకే చుట్టలో కలిసి ఉన్నాయి కాబట్టి ఫ్రిజ్జూ గ్రైండరూ కూడా ఆ లీకును పంచుకున్నాయి. అప్పుడొచ్చాయి పీటలు. తడి వసారాలో, చెప్పుల్లేకుండా, ఆ పీట మీద నిలబడి బట్టలు తీసే అక్కయ్యను తలుచుకుంటే నాకు క్లాసులో మాట తడబడేది. ఎర్తింగ్ లేదు, బ్రేకరు పనిచెయ్యదు. ఆవిడకూ చావుకూ మధ్య ఉన్నది ఆ చెక్క ఒక్కటే. అది తడిస్తే అదీ లేనట్టే. ఈ మాట ఫోన్లో బావగారికి చెప్పమని మా ఆయన్ని బతిమాలాను. "అన్నయ్యకి నేనెప్పుడైనా ఎదురు చెప్పానా?" అన్నారు. ఆ గొంతులో గర్వం కూడా ఉంది.

ఒకరోజు పీట తడిసింది. ఒక చెయ్యి మెషీన్ మీద, రెండో చెయ్యి కుళాయి మీద పడ్డాయి. అక్కయ్య విసురుగా వెళ్లి గోడకు కొట్టుకుంది. కబురు తెలిసి నేను క్లాసు వదిలేసి బస్సెక్కాను. వెళ్లేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని అరచేతిలో కాలిన మచ్చ చూసుకుంటోంది.

"తడి చేత్తో ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పా. వింటేగా," అన్నారు బావగారు పేపరు మడుస్తూ. "ఈసారి రబ్బరు షీటు తెప్పిస్తానని చెప్పు మీ చెల్లెలికి."

నాకు ఒళ్లు మండిపోయింది. బట్టలుతికే యంత్రాన్ని పొడి చేత్తో ముట్టుకోవాలట. ఆయన ఆ యంత్రం దగ్గరకు ఒక్కసారైనా వెళ్లి ఉంటే కదా. ప్లగ్గు పీకేసి, బాగుచేయించేదాకా పెట్టొద్దని అక్కయ్యకు చెప్పి వచ్చాను. రెండు రోజులకే లాల్చీ మాసిందని ఆయనే ప్లగ్గు పెట్టించారు.

చదువుతో పని జరగదని అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ సిద్ధాంతిగారి ఇల్లు నందిగామలోనే. కాలేజీ అయ్యాక నేరుగా వెళ్లాను. గేటు తీసి లోపలికి అడుగు పెడుతూనే నా కళ్లు అలవాటుగా మీటరు వైపు వెళ్లాయి. ఆగ్నేయ మూలలో, క్రోటన్ మొక్కల వెనక, నేలలోంచి ఒక గొట్టం పైకి వచ్చి ఉంది. దాని పక్కనుంచి రాగి తీగ గోడెక్కి మీటరు పెట్టెలోకి వెళ్లింది. అంత శ్రద్ధగా పెట్టిన ఎర్తింగ్ మా ఐటీఐలో కూడా లేదు.

"మీ ఆగ్నేయంలో గొయ్యి ఉందేంటండి?" అన్నాను.

సిద్ధాంతిగారు ఏమాత్రం తడుముకోలేదు. "అది గొయ్యి కాదమ్మా. పూడ్చేశాంగా. పూడ్చిన గొయ్యి గొయ్యి కాదు."

"మరి మా బావగారికి కూడదన్నారు?"

"ఆరోజు నేను చూసినప్పుడు తెరిచుంది కదమ్మా. తెరిచున్నది కూడదన్నా. పూడ్చాక ఎలా ఉండాలని ఆయన నన్ను అడగలేదు." తర్వాత గొంతు తగ్గించి, "ఇదంతా మా అల్లుడి చాదస్తం. కరెంటు దగ్గర మహా పట్టుదల వాడికి," అన్నారు.

చాదస్తం అన్న మాట ఆయన నోట విని కూడా, ఆయన చూపించిన కుర్చీలో కూర్చున్నాను. పోట్లాడి లాభం లేదు. నాకు కావలసింది గొయ్యి. మా అక్కయ్యకు ఏం జరిగిందో ఆయనకు చెప్పాను. అగ్ని మూలలో వేడి ఎక్కువైందేమో, దానికి శాంతి ఏదైనా ఉంటుందేమో చూడమన్నాను. రాగి మంచిదంటారు, ఉప్పు దిష్టి తీస్తుందంటారు, బొగ్గు వేడి లాగుతుందంటారు, పైన రోజూ కాసిని నీళ్లు పోస్తే ఇంకా మంచిదేమో అన్నాను. నేను ఒక్కొక్కటీ అంటుంటే ఆయన కళ్లు మూసుకుని తలూపారు. అన్నీ విన్నాక, అవన్నీ శాస్త్రంలో ఉన్నవేనన్నారు. ఇల్లు నిలబడాలంటే ఈ శాంతి తప్పదని తానే ఫోన్ చేసి చెబుతానన్నారు. ఇంటి మెయిన్ బోర్డులో ఊడదీసినది ఏదైనా ఉంటే అదే రోజు తిరిగి బిగించాలని కూడా చెప్పమన్నాను. "అంగవైకల్యం ఉండకూడదు కదమ్మా," అని దానికీ ఒక కారణం ఆయనే చూసుకున్నారు.

ఆ వారంలోనే కూలీలు వచ్చారు. పూడ్పించిన చోటే మళ్లీ మనిషి లోతు తవ్వారు. రాగి రేకుకు బావగారు పసుపు రాసి, దణ్ణం పెట్టి, స్వయంగా కిందికి అందించారు. మీటరు పెట్టెలో చుట్ట చుట్టుకుని ఉన్న ఆకుపచ్చ తీగల్ని మా శిష్యుడు విప్పి గోతి తీగకు కలిపాడు. బ్రేకరు బిగించాడు. ఎర్తు ఎంత బాగా పట్టిందో కొలిచి చూడమంటే చూశాడు. బాగా వచ్చింది. నా వైపు చూసి నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

వాషింగ్ మెషీన్ ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యగానే బ్రేకరు పడిపోయింది. గృహప్రవేశం నాడు పరువు తీసిన ఆ టక్కుమనే చప్పుడు విని ఈసారి బావగారి మొహం వెలిగిపోయింది. "చూసావా, దోషం బయటపడింది," అన్నారు అక్కయ్యతో. మెకానిక్ వచ్చి మెషీన్‌లో నీళ్లు కాచే హీటరు పాడైందని కొత్తది వేశాడు. హీటరు పాడైన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. శాంతి ఫలించిన సంగతి మాత్రం పక్కనున్న వత్సవాయి దాకా పాకింది. బావగారి స్నేహితులు వచ్చి గొట్టాన్ని చూసి వెళ్తున్నారు. పక్క వీధిలో ఒకాయన రాగి రేకుకు బదులు వెండి రేకు వేయిస్తే మహరాజయోగమా అని సిద్ధాంతిగారిని అడిగాడట. మా శిష్యుడికి చేతి నిండా పని. ఇన్నేళ్లు నేను బోర్డు మీద బొమ్మలు గీసి చెబితే ఎక్కనిది, అగ్నిశాంతి అనగానే ఊళ్లో సగంమందికి ఎక్కింది. సంతోషించాలో ఛీకొట్టాలో తెలియక రెండూ చేశాను.

అక్కయ్యకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. సిద్ధాంతిగారి దగ్గరకు వెళ్లింది, శాంతి పుట్టింది, అంతా. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

మొన్న ఆదివారం వెళ్లినప్పుడు పొద్దున్నే ఆవిడ గొట్టంలో నీళ్లు పోస్తోంది. బావగారి ఆజ్ఞ, రోజూ స్నానం చేసి పొయ్యాలి. ఎర్తింగ్‌కు అంతకన్నా మంచి సేవ ఉండదు కాబట్టి నేనేమీ అనలేదు. చేతిలో మచ్చ ఇంకా పోలేదు.

"ఇప్పుడేమైనా జివ్వుమంటోందా అక్కయ్యా?" అన్నాను.

"లేదు. బానే ఉంది." నీళ్లు లోపలికి దిగేదాకా చూసింది. "నాకు షాక్ కొడుతోందని చెప్పినన్నాళ్లూ నన్నే జాగ్రత్తగా ఉండమన్నారు. ఇంటికి దోషం ఉందనగానే కూలీలని పిలిపించారు. ఇంటి పుణ్యమా అని నేనూ బతికిపోయా."

కోపంగా అనలేదు. చెంబు బోర్లించి, ఆయన కాఫీ వేళయిందని లోపలికి వెళ్లింది.