బొమ్మ లంగాకు బస్తా కుట్టు

మా అక్క పటాన్‌చెరులో ఇంటి ముందుగదిలోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె ఏడేళ్ల కూతురికి, అంటే నా మేనకోడలికి, ఒక కన్ను మూతపడని బొమ్మ ఉంది. ఆ బొమ్మకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు పక్కింటి పిల్ల బొమ్మ. ఆ పిల్ల తాత ఎప్పుడో కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. మగపెళ్లివారి హోదాలో ఆ పిల్ల ముందే షరతు పెట్టిందట: పెళ్లికూతురు పట్టులంగాలోనే రావాలి, పాత గౌనులో వస్తే తాళి కట్టించరు.

పెళ్లిళ్ల సీజను కావడంతో అక్కకు తల ఎత్తే తీరిక లేదు. బొమ్మ సంగతి తర్వాత చూద్దామంది. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు నేను నోరు జారాను. బొల్లారంలో ఓ కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పొడి నింపిన బస్తాల మూతులు చేత్తో పట్టుకునే కరెంటు మిషన్‌తో కుట్టడం నా పని. పొద్దస్తమానం బస్తాలు కుట్టేవాడికి బెత్తెడు లంగా ఓ పనా అన్నాను.

“బస్తా మూతి కుట్టుడు వేరు తమ్మీ, బట్ట కుట్టుడు వేరు,” అంది అక్క, మిషన్ ఆపకుండానే.

రోషం వచ్చింది. ఆమె ముక్కల సంచిలోంచి ఎర్ర పట్టుగుడ్డ ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు సూపర్‌వైజర్ క్యాంటీన్‌కు పోయిన సమయం చూసి, కంపెనీ మిషన్‌తోనే లంగా కుట్టేశాను. టిఫిన్ డబ్బా మూత తీసినంత సేపు కూడా పట్టలేదు. అక్క కంట పడకుండా పిల్ల చేతిలో పెట్టి, రెండు పూటలు కూర్చుని చేత్తో కుట్టానని చెప్పాను.

బస్తా కుట్టు ఒంటి దారంతో గొలుసులా పడుతుంది. చివర కొంచెం దారం తోకలా వదులుతాం. బస్తా కొన్నవాడు కత్తి వెతుక్కోకుండా ఆ తోక పట్టి లాగితే కుట్టంతా ఊడివస్తుంది. తోక వదలకపోతే మాకు చీవాట్లు. ఏళ్ల అలవాటు కదా, లంగాకూ వదిలాను.

ఆదివారం పొద్దున అక్క ఇంటి అరుగు మీద పెళ్లి. గల్లీ పిల్లలంతా వచ్చారు. నన్ను పెద్దమనిషిగా కుర్చీలో కూర్చోబెట్టారు. మా మామ చేత్తో కుట్టిండని మేనకోడలు వచ్చినవాళ్లందరికీ లంగా చూపిస్తోంది. పక్కింటి పిల్ల పెళ్లికూతురిని అటూ ఇటూ తిప్పి, వెనక దారం వేలాడుతోందని వంక పెట్టింది. మేనకోడలు చటుక్కున ఆ దారం లాగింది.

సర్రుమని లంగా మొత్తం విడిపోయి తలంబ్రాల పళ్లెంలో పడింది. పెళ్లికూతురు ఒంటి మీద పూలదండ మిగిలింది.

“మీ పెళ్లికూతురు సిమెంటు బస్తా ఏంటే, లాగితే ఊడిపోతోంది?” అంది పక్కింటి పిల్ల. అరుగంతా గొల్లుమంది.

అసలు తప్పు నేను అప్పుడు చేశాను. నా అబద్ధం బయటపడుతుందన్న భయంతో, “నిన్నెవలు గుంజమన్నరు?” అని పిల్లనే గదిమాను. అది ఏడవలేదు. బొమ్మను తన గౌను అంచులో చుట్టుకుంది. తలంబ్రాలు తిరిగి డబ్బాలో పోసుకుంది. అంతసేపూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అక్క వచ్చి గుడ్డముక్క తీసుకుని సూది రంధ్రాల వరుస చూసింది. ఆ లావు రంధ్రాలు మిషన్‌వని ఆమెకు చెప్పనక్కర్లేదు. నేనే కుర్చీలోంచి లేచి అంత మంది పిల్లల ముందూ ఒప్పుకున్నాను: కుట్టింది కంపెనీ మిషన్ అని, చేత్తో కుట్టానన్నది అబద్ధమని, గుంజినదానిది తప్పు కాదని. మగపెళ్లివారు పక్కకు పోయి ఆలోచించుకుని, వచ్చే ఆదివారానికి వాయిదా ఇచ్చారు. ఈసారి నిజంగా చేత్తోనే కుట్టాలన్నారు.

ఆ వారమంతా కంపెనీ బస్సు దిగి నేరుగా అక్క ఇంటికే వెళ్లాను. అక్క నేర్పిన చేతికుట్టులో సూది ఒక అడుగు ముందుకు వేసి, సగం అడుగు వెనక్కి తేవాలి. నా చెయ్యి మాత్రం ముందుకే పరుగెత్తేది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు, కొత్త టైలర్‌ను ఎంతకు పెట్టుకున్నావని అక్కను అడిగి నవ్వారు.

“ఎనకకు రాకుంటే కుట్టు నిలవది తమ్మీ,” అంది అక్క. “నీకేమో ఎనకకు వచ్చుడంటే నామోషీ.”

మేనకోడలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, నేను దారం చివర నోట్లో తడిపి తడిపి సూదిలోకి ఎక్కించలేక అవస్థ పడుతుంటే, వచ్చి సూది లాక్కుని ఎక్కించి ఇచ్చింది.

ఆదివారం మళ్లీ అరుగు నిండింది. లంగా కాస్త వంకరగా వచ్చింది. పైగా నడుము దగ్గర ఒక దారం కొస కత్తిరించడం మరిచిపోయాను. దాన్ని నేనూ చూశాను, మేనకోడలూ చూసింది.

“మామా, ఇది గుంజాల్నా?”

“గుంజు,” అన్నాను.

అది కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత బొమ్మను తీసుకెళ్లి పక్కింటి పిల్ల ముందు పెట్టింది.

“నువ్వే గుంజు. మా మామ కుట్టిండు.”

ఆ పిల్ల పళ్లు బిగించి మరీ లాగింది. నడుము దగ్గర లంగా ఇంకాస్త బిగుసుకుంది, అంతే.